జమ్ము చేయు మేలు

పటాన్‌చెరు పేరులోనే చెరువున్నది. వానకాలమున అచటి వీధులను, కర్మాగారముల ముంగిళ్లను కడిగివచ్చు నీరు నక్కవాగున బడి మంజీరను చేరును. త్రోవలో ఆ నీటిని కడుగువారెవరు?

1972లో ఆ ఊరి చెంత స్థాపితమైన ఇక్రిశాట్ క్షేత్రమున, మురుగునీటిని శుభ్రపరచుటకు నిర్మించిన చిత్తడిమడిని ఇటీవల చూచితిని. ఇసుక, కంకర, వానిపై జమ్ము, మెట్టతామర. అంతే. నీరు వాని నడుమ మెల్లగా సాగును; మడ్డి అడుగున దిగును. వేళ్ల నంటియున్న సూక్ష్మజీవులు కుళ్లును హరించును. నత్రజని, భాస్వరములను మొక్కలు ఆహారముగా గొనును. వెలువడిన నీరు పైరుకు పనికివచ్చును. మన చెరువుల ఎగువ అంచుననుండు జమ్ముపొదలు వాననీటికి చేయుచున్నదియు ఈ సేవయే. వానిని పనికిమాలిన తుప్పలని పెరికివేయుట తగదు.

అయితే జమ్మునకు చేతకానిదియు కలదు. 2007లో ప్రకటితమైన స్వీడన్ శాస్త్రజ్ఞుల పరిశీలనలో, పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెలువడిన నీట సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడెను. సూక్ష్మజీవులను చంపుటకే పుట్టిన మందు అది. జమ్మువేళ్లయందు మనకై పాటుపడునవియు సూక్ష్మజీవులే కదా!

కావున కర్మాగారపు విషమును కర్మాగారపు గడపలోనే ఆపవలెను. వాన తెచ్చు మురికిని జమ్మునకు విడువవచ్చును. పనివానికి విషము పెట్టి పని చేయుమనుట న్యాయమా?