కరెంటు పెడితే సరిపోదు



వేదిక మీద సర్జన్లు, కార్మిక సంఘాల పెద్దలు ఉన్నారు. ఎదురుగా ఎక్కువమంది ఫిజియోథెరపిస్టులు. అధ్యక్ష స్థానం నుంచి ఒక్క విషయమే మాట్లాడతాను. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో దెబ్బ తిన్న కార్మికుడు మళ్లీ పనిలోకి వెళ్లగలగడంలో, అతనికీ థెరపిస్టుకూ కుదిరే నమ్మకానిది పెద్ద వాటా. దాన్ని మనం మర్యాద కింద లెక్కేస్తున్నాం. చికిత్స కింద లెక్కేయాలి.

చేతి దెబ్బనే తీసుకుందాం. ప్రెస్ మిషన్ దగ్గర వేళ్లను ముడిచే టెండన్ తెగుతుంది, సర్జన్ కుడతారు. ఆ తర్వాత పన్నెండు వారాల బాధ్యత మనది. కుట్టిన కొద్ది రోజులకే, స్ప్లింటులో ఉంచి, వేళ్లను కొద్దికొద్దిగా కదిలించాలి. కదపకపోతే టెండన్ చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుని వేలు బిగుసుకుపోతుంది. తొందరపడి బరువెత్తితే కుట్టు తెగుతుంది. పేషెంటు మన ముందు ఉండేది ఏ అరగంటో. మిగతా రోజంతా ఇస్నాపూర్‌లో నలుగురైదుగురు కలిసి ఉండే అద్దె గదిలో ఉంటాడు. అక్కడ నొప్పి పుడితే కదపాలా, ఆపాలా అన్నది అతనొక్కడే తేల్చుకోవాలి. మన మాట మీద గురి ఉంటేనే కదుపుతాడు. లేకుంటే భయంతో చెయ్యి గుండెకు అదుముకుని కూర్చుంటాడు, లేదా స్ప్లింటు తీసేసి డ్యూటీకి పోతాడు. పోయిన సంగతి మనకు చెప్పడు కూడా.

“సారూ, కరెంటు పెట్టుర్రి చాలు, వంచుడు వద్దు” అనే పేషెంటు మీ అందరికీ తెలుసు. ఆ కరెంటు చికిత్సనే తీసుకుని కెనడాలో ఫ్యూంటెస్ బృందం దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 117 మందిపై చేసిన ప్రయోగం 2014లో అచ్చయింది. కొందరికి నిజంగా కరెంటు ఇచ్చారు, కొందరికి మిషన్ తగిలించి ఊరుకున్నారు. రెండు వర్గాల్లోనూ కొందరి దగ్గర థెరపిస్టు అయిదు నిమిషాలుండి బయటికి వెళ్లిపోయారు. మిగిలినవారి దగ్గర వాళ్లు చెప్పేది వింటూ చివరిదాకా ఉన్నారు. కరెంటూ ఆదరణా రెండూ దొరికినవారిలో నొప్పి 77.4 శాతం తగ్గింది. రెండూ లేనివారిలో 25 శాతం. కరెంటు మాత్రమే అందినవారిలో 46.1, ఆదరణ మాత్రమే అందినవారిలో 54.5. ఇది ఒక్క సిట్టింగులో అప్పటికప్పుడు కొలిచిన నొప్పి. మూడు నెలల తర్వాత మనిషి మిషన్ ముందు నిలబడగలడా అన్నదానికి ఇది జవాబివ్వదు. అయితే 2010లో అమాండా హాల్, ఆమె సహచరులు 13 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు కూడా, థెరపిస్టుతో మంచి అనుబంధం ఉన్నచోట వ్యాయామాలు క్రమంగా చేయడం, శరీరం పనిచేసే తీరు మెరుగ్గా కనిపించాయి.

మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లోనే ఈ అనుబంధాన్ని మూడు భాగాలుగా చూపాడు: ఏం సాధించాలో ఇద్దరూ ఒప్పుకోవడం, అందుకు ఏం చేయాలో ఒప్పుకోవడం, ఒకరి మీద ఒకరికి గురి. మనం ఎక్కువగా తప్పుతున్నది మొదటిదాని దగ్గర. మన కాగితంలో లక్ష్యం “పిడికిలి పూర్తిగా బిగించడం”. అతని మనసులో ఉన్నది, కాంట్రాక్టర్ తన చోట ఇంకొకర్ని పెట్టకముందే వెనక్కి చేరడం. అది అడిగి తెలుసుకోకుండా ఎన్ని ఎక్సర్‌సైజులు నేర్పినా ఇంట్లో చేయడు. నెలకు 21,000 రూపాయల దాకా జీతమున్న ఈఎస్ఐ కార్మికుడికి, పనిలో తగిలిన దెబ్బవల్ల తాత్కాలికంగా పని చేయలేని కాలానికి సగటు దినవేతనంలో 90 శాతం వస్తుంది. ఆ సంగతి విడమరిచి చెప్పి, కాగితాలకు సాయపడటం కూడా ఫిజియోథెరపీయే అంటాను నేను. ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న ధైర్యం ఉంటే స్ప్లింటు తీసే తొందర తగ్గుతుంది.

ఇక భాష. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడు 40 మందికి పైగా కార్మికులను పొట్టన పెట్టుకుంది. వారిలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు. ఇలాంటి ప్రమాదాల్లో ఒళ్లు బాగా కాలినవారికి చర్మం ముడుచుకుని కీళ్లు పట్టేయకుండా బిగుతైన ప్రెషర్ గార్మెంట్లు వేస్తాం. రోజుకు దాదాపు 23 గంటలు, నెలల తరబడి వేసుకోవాలి. మన మే నెల ఎండలో, దురదలో, ఎందుకో అర్థం కాకుండా ఎవరు వేసుకుంటారు? భోజ్‌పురి మాట్లాడే కుర్రవాడి చేతిలో తెలుగు కాగితం పెట్టి పంపితే, అది మనం రాసుకున్న రికార్డు మాత్రమే. అతను ఊరికి వెళ్లిపోతే, వారానికోసారి వీడియో కాల్ చేసి “భయ్యా, మోచెయ్యి చాపి చూపించు” అని అడగవలసిందీ మనమే.

ఈ పని ఒక్కొక్కరి మంచితనం మీద వదిలేస్తే సాగదు. రోజుకొక థెరపిస్టు మారే విభాగంలో ఏ నమ్మకమూ నిలవదు. 2021 నాటి అలైడ్, హెల్త్‌కేర్ ప్రొఫెషన్ల చట్టం మన వృత్తికి జాతీయ గుర్తింపు ఇచ్చింది. ఆ గుర్తింపుతో గట్టిగా అడిగే హక్కు మనకుంది. సంఘాల పెద్దలారా, మీ డిమాండ్ల పత్రంలో, పేషెంటుకు థెరపిస్టు మారకూడదన్నదానికీ ఒక వరుస ఇవ్వండి. విభాగాధిపతులారా, పేషెంటు కార్డు మీద మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే థెరపిస్టు పేరుండేలా చూడండి. మొదటి సిట్టింగులో మిషన్ ఆన్ చేయకముందు, ఆ మనిషి ఏ పనికి తిరిగి వెళ్లాలనుకుంటున్నాడో అడిగి, అతని మాటల్లోనే ఆ కార్డు మీద రాయండి.