వరద మీద బ్రతికే చిన్న చేప
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందిమి నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన వాళ్ళం. వరద అనగానే మనకు గేజీ రీడింగులు, గట్టుకు గండ్లు, రాత్రి కాపలాలు గుర్తుకొస్తాయి. వరద రాకపోతే బ్రతుకు గడవని ఒక చిన్న ప్రాణిని గురించి ఈ రోజు పది నిమిషాలు మాట్లాడతాను.

ఆఫ్రికా దక్షిణ భాగంలో జాంబెజీ ఎగువ ప్రాంతం, కఫూయే, ఒకవాంగో నదుల్లో ఒక చేప ఉంది. ఇంగ్లీషులో స్ట్రైప్డ్ రాబర్ అంటారు. అంటే చారల దొంగ అన్నమాట. శాస్త్రనామం బ్రైసినస్ లాటరాలిస్. 1900లో బౌలెంజర్ అనే శాస్త్రవేత్త దీనిని వర్ణించారు. ఎంత పెరిగినా సుమారు 14 సెంటీమీటర్లే, జానెడు కూడా ఉండదు. వెండి రంగు ఒళ్ళు, తోక దగ్గర చిక్కబడే నల్లచార. గుంపులు గుంపులుగా తిరుగుతూ పురుగులు, గింజలు తింటుంది. పేరుకు దొంగే గాని దోపిడీకి గురయ్యేది అదే. దీని కుటుంబానికే చెందిన టైగర్ ఫిష్ దీనిని వేటాడి తింటుంది. దాయాదుల పోరు మనుషులకే పరిమితం కాదు!

జాంబియా పశ్చిమాన బరోట్సే మైదానం ఉంది. ఏటా వానలు పడ్డాక జాంబెజీ పొంగి, వేల చదరపు కిలోమీటర్ల గడ్డినేల నీట మునుగుతుంది. అక్కడి లోజీ ప్రజల రాజును లిటుంగా అంటారు. వరద పెరిగినప్పుడు ఆయన పెద్ద పడవలో లెయలుయి నుండి మెరకనున్న లిములుంగాకు తరలి వెళ్తారు. ఆ ఉత్సవం పేరు కుఓంబోకా, అంటే నీటి నుండి బయటికి రావడం. మనుషులు బయటికి వస్తుంటే చేపలు లోపలికి వెళ్తాయి. మునిగిన గడ్డి, పశువుల పేడ కుళ్ళి నీటికి సత్తువ వస్తుంది. పురుగు పుట్ర పెరుగుతుంది. చేపపిల్లలకు అక్కడ మేత ఉంది, దాగడానికి గడ్డి ఉంది. వరద తీసేటప్పటికి అవి ఎదిగి నదిలోకి దిగుతాయి.

ఇటువంటి చిన్న చేపలను అక్కడి పేదలు ఎండబెట్టి, తలా ముల్లూ తీయకుండా, మొక్కజొన్న పిండితో చేసే న్షిమాలో నంజుకుంటారు. అది మన సంకటి వంటిదే. మన పరిగెల పులుసు తిన్నవారికి ఆ సంగతి చెప్పనక్కరలేదు. చేపను ముల్లుతో సహా తింటే కాల్షియం, ఇనుము, ఎ విటమిన్ దక్కుతాయి. పసిపిల్లలకు, బాలింతలకు అది మందుతో సమానం.

ఇక కఫూయే సంగతి. ఆ మైదానానికి దిగువన, ఎగువన 1970లలో రెండు డ్యాములు కట్టారు. విద్యుత్తుకు ఏడాది పొడవునా ఒకే తీరున నీరు కావాలి. అందుచేత వరద ఉధృతి తగ్గింది, వేసవిలో నీరు నిలిచింది. ఎగువనున్న ఇటెజీ-టెజీ డ్యాము డిజైనులోనే ఒక మంచి ఆలోచన ఉంది. మార్చి నెలలో నాలుగు వారాలపాటు సెకనుకు 300 ఘనపు మీటర్లు, మన లెక్కలో సుమారు 10,600 క్యూసెక్కులు, మైదానం కోసం వదలాలని అదనపు నిల్వ ఏర్పాటు చేశారు. సహజ వరదకు అది సాటి రాదు. అయినా నీటి లెక్కలో చేపకు, గడ్డికి, పశువుకు ఒక పద్దు రాశారన్నది గమనించాలి.

జాంబియాలో చాలా జలాల్లో డిసెంబరు 1 నుండి ఫిబ్రవరి ఆఖరు వరకు వేట నిషేధం. దోమతెరలతో చేపలు పట్టడం కూడా నేరమే. అయినా పడుతున్నారు. సన్న కన్నుల్లో పెద్ద చేపల పిల్లలు కూడా చిక్కుతాయి. కాని ఇంట్లో కూర లేని తల్లికి చట్టం ఒక్కటే చెబితే సరిపోదు. చిన్న చేపకు ఆయుష్షు తక్కువ, సంతానం ఎక్కువ. వలను అది కొంతవరకు తట్టుకుంటుంది. వరద తప్పితే మాత్రం మరుసటి ఏడు బుట్ట తేలికైపోతుంది. 2024 ఫిబ్రవరిలో కరవును జాతీయ విపత్తుగా జాంబియా ప్రకటించింది. అటువంటి ఏడు డ్యాములోని కొద్దిపాటి నీరు టర్బైనుకా, మైదానానికా? తేల్చడం తేలిక కాదు.

డ్యాములు వద్దని నేను అనను. వాటి విలువ మనకంటే ఎవరికి తెలుసు? గేటు ఎత్తే తేదీని నిర్ణయించేటప్పుడు ఆయకట్టు, విద్యుత్తులతో పాటు దిగువన బుట్ట పట్టుకుని నిలబడ్డ మనిషిని కూడా లెక్కలో వేయాలని మాత్రమే మనవి. ఆ మనిషి అర్జీ పెట్టుకోడు, ఆ చేప అసలే పెట్టుకోదు.