కండువా గడప దాటాలా?

సూరత్‌లోని లింబాయత్ నుంచీ ఉధనా నుంచీ సాంచెల షిఫ్టు వదులుకొని మీరు వచ్చారు. ఈ ఊళ్లో తెలుగు పిల్లలకు చరిత్ర చెప్పిన మాస్టారి పేరిట మాట్లాడమన్నారు. ఆయన తరగతిలో ప్రతి సంగతీ పేచీతోనే మొదలయ్యేది. ఇవాళ్టి పేచీ: శాసనసభ్యులు పార్టీ గుర్తులు వేసుకుని సభలో కూర్చోవచ్చా?

1907లో ఈ సూరత్‌లోనే కాంగ్రెస్ చీలింది. వేదిక మీదికి చెప్పు వచ్చిపడ్డ కథ మీకు కొత్త కాదు. బెజవాడలో పింగళి వెంకయ్యగారు ఇచ్చిన జెండా కథా తెలిసిందే. 1924లో స్వరాజ్య పార్టీవారు ఖద్దరుతో ఢిల్లీలోని కేంద్ర శాసనసభలో కూర్చున్నారు. అవన్నీ వదిలేద్దాం.

నేను ఏళ్ల తరబడి తవ్వింది 1930 నుంచి 1937 వరకు. 1930లో గుంటూరులో గాంధీ టోపీ పెట్టడమే నేరమన్నారు. బందరు కోనేరు సెంటర్లో జెండా ఎగరేయబోయిన తోట నరసయ్యనాయుడుగారిని పోలీసులు చుట్టుముట్టి చావబాదారు. స్పృహ తప్పేదాకా ఆయన జెండా వదల్లేదు. ఏడేళ్లు తిరిగేసరికి మద్రాసులో రాజాజీ కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చింది. స్పీకరు మన బులుసు సాంబమూర్తిగారు. సభ మొదట్లో వందేమాతరం పాడితే ముస్లిం లీగు సభ్యులు అభ్యంతరం చెప్పారు. లాఠీకి ఎదురొడ్డినవారి పాట అప్పటికి గద్దెనెక్కినవారి పాటైంది.

కొందరు చరిత్రకారులతో నాకిక్కడే పాత తగువు. గాంధీ టోపీ కూడా పార్టీ యూనిఫారమే, నేటి కండువాకు అది తాత అంటారు వారు. ఒప్పుకోను. నాడు టోపీ పెడితే జైలు. నేడు కండువా కప్పుకుంటే టికెట్టు. 'మరి సభలో పార్టీ గుర్తులు వద్దనే నియమం అప్పుడే ఉంటే స్వరాజ్య పార్టీ నేత మోతీలాల్ నెహ్రూను గేటు దగ్గరే ఆపేవారు కదా?' అంటారు. అందుకే బట్ట వేరు, బిళ్ల వేరు అంటాను. ఖద్దరు ఎవరైనా కట్టొచ్చు. గుర్తు అచ్చేసిన కండువా ఒక్క పక్షానిదే. గెలిచిన సభ్యుడు మాత్రం ఓటెయ్యనివారికీ ప్రతినిధే.

ఇక మన కాలానికి వద్దాం. ఎన్టీఆర్ తెలుగుదేశం పసుపు, తెలంగాణ బీఆర్ఎస్ గులాబీ మీ కళ్ల ముందువే. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు ముఖ్యమంత్రిగా ఉంటూనే నల్లచొక్కాతో ఆంధ్ర శాసనసభకొచ్చారు. 2022లో రాష్ట్ర అధ్యక్షుడు సి.ఆర్. పాటిల్ హయాంలో గుజరాత్ బీజేపీ కాషాయ టోపీ తెచ్చింది. 2024 జులైలో ఆంధ్ర సభలో జగన్ పక్షం నల్ల కండువాలు వేసుకుంది. అదే ఏడాది డిసెంబరులో అదానీ, రేవంత్ బొమ్మల టీషర్టులతో వచ్చిన బీఆర్ఎస్ వారిని తెలంగాణ శాసనసభ గేటు దగ్గరే ఆపారు. 2025 మార్చిలో డీఎంకే ఎంపీల నినాదాల టీషర్టుల మీద లోక్‌సభ వాయిదా పడింది.

నా తీర్పు ఇది. గేటు బయట ఎవరిష్టం వారిది. లోపల పార్టీ గుర్తులు వద్దు. ఆ కట్టడి ముందు అధికార పక్షానికి, తర్వాతే ప్రతిపక్షానికి. సూరత్ సాంచెల (మరమగ్గాల) మీద దిగిన బట్టే చాలా పార్టీలకు కండువా అవుతోంది. రేపు ఓటు కోసం మీ గడపకొచ్చినవాణ్ణి ఒకటే అడగండి: సభలో మా కూలి సంగతి ఎత్తుతావా, లేక కండువా సర్దుకుంటూ కూర్చుంటావా?