రొయ్యల చెరువుకు కాల్షియం – ఏది, ఎప్పుడు, ఎంత?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో రొయ్యల మాటెందుకని కొందరికి అనిపించవచ్చు. కాని మనలో పలువురి గ్రాట్యుటీ సొమ్ము ఈ డెల్టాలో ఏదో ఒక చెరువులోనే ఉన్నది. సాగు కొడుకుదో అల్లుడిదో, పెట్టుబడి మనది. 1990 దశకం మొదట్లో టైగర్ రొయ్య లాభాలు చూశాం. 1994–95లో తెల్లమచ్చ తెగులు తెచ్చిన నష్టాలూ చూశాం. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక చెరువులు మళ్ళీ కళకళలాడాయి.

రొయ్య పెరగాలంటే పాత గుల్ల విడిచి కొత్త గుల్ల కట్టుకోవాలి. అది గట్టిపడడానికి కావలసిన కాల్షియంలో ఎక్కువ భాగాన్ని నీటి నుంచే తీసుకుంటుంది. అందుచేత గుల్ల మెత్తబడిందనగానే మనవాళ్ళు సున్నం బస్తా విప్పుతారు. చిక్కు అక్కడే వస్తుంది. కాల్షియం ఇచ్చేవన్నీ ఒకే విధంగా పనిచేయవు.

గుల్లలు కాల్చి తీసిన సున్నం చాలా ఘాటైనది. పీహెచ్‌ను ఒక్కసారిగా పెంచుతుంది. ఎండగట్టిన చెరువులో క్రిములను చంపడానికి మేలే. రొయ్యలున్న నీటిలో పీహెచ్ పెరిగితే అందులోని అమ్మోనియా విషమవుతుంది. తాంబూలంలో సున్నం ఎక్కువైతే నోరు పొక్కడం మనకు తెలిసిన సంగతే. పాపం, రొయ్యకు ఉమ్మేసే వీలు కూడా లేదు.

కాల్చని సున్నపురాయి పొడి నెమ్మదైనది. పులిసిన నేలను సరిచేస్తుంది, నీటి క్షారత్వాన్ని పెంచుతుంది. కాని పీహెచ్ 8.3 దాటిన నీటిలో దాదాపు కరగదు, అడుగున పేరుకుంటుంది. డోలమైట్ కూడా ఆ జాతిదే, అదనంగా మెగ్నీషియం ఇస్తుంది. జిప్సం పీహెచ్‌ను కదిలించకుండా కాల్షియం ఇస్తుంది, అయితే క్షారత్వాన్ని పెంచదు. క్షారత్వం లీటరుకు 100 మిల్లీగ్రాములకు తగ్గితే వంటసోడా వేస్తారు. కాల్షియం క్లోరైడ్ వెంటనే కరుగుతుంది, ఖరీదు ఎక్కువ. దానిని, సోడాను ఒకేచోట కలపరాదు. రెండూ కలిసి సుద్దగా మారి అడుగుకు దిగుతాయి.

ఏది ఎన్నుకోవాలో నీటి పరీక్షే చెప్పాలి. మా అబ్బాయి చెరువు బోరు నీటిది. గుల్లలు మెత్తగా ఉంటే ఒక దుకాణదారు మాట మీద వరుసగా కాల్షియం సంచులు గుమ్మరించాడు. గుణం కనబడలేదు. చివరకు భీమవరంలో నీరు పరీక్ష చేయిస్తే కాల్షియం పుష్కలంగా ఉన్నది, కొరతంతా పొటాషియం, మెగ్నీషియంలదే! సంచులకు పెట్టిన సొమ్ము అక్షరాలా నీళ్ళపాలయింది.

సముద్రపు నీటి నిష్పత్తి ప్రకారం 5 పీపీటీ ఉప్పదనం గల నీటిలో లీటరుకు కాల్షియం సుమారు 58, మెగ్నీషియం 195, పొటాషియం 54 మిల్లీగ్రాములు ఉండాలి. మీ పరీక్ష కాగితాన్ని దీనితో పోల్చి చూడండి. కొరత ఏదో తెలుస్తుంది. కొరతేమీ లేకపోతే మేతనూ, తెగులునూ అనుమానించాలి.

ఇక చిన్న లెక్క. మీటరు లోతున్న ఎకరం చెరువులో సుమారు 40 లక్షల లీటర్ల నీరుంటుంది. లీటరుకు ఒక్క మిల్లీగ్రాము పెంచాలంటే అసలు పదార్థం 4 కేజీలు కావాలి. శుద్ధమైన జిప్సంలో కాల్షియం 23 శాతమే కనుక, 10 మిల్లీగ్రాములు పెంచడానికి దాదాపు 175 కేజీలు పడుతుంది. ఎకరానికి 5 కేజీల ప్యాకెట్ చాలునని ఎవరైనా అంటే, అది పూర్తిగా కాల్షియమే అయినా పెరిగేది ఒకటింబావు మిల్లీగ్రామే!

సోదరులారా, సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఫైలు చదవకుండా సంతకం పెట్టలేదు మనం. ఇప్పుడు పిల్లలు మందుల బిల్లు తెచ్చినప్పుడు కూడా ముందు నీటి పరీక్ష కాగితం అడగండి. అది చూశాకే చెక్కు మీద సంతకం పెట్టండి.