రంగం మామ్మ గాజులు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా వీధిలో ఒక రంగం మామ్మ ఉండేది. రంగం అంటే రంగూన్. చేతులకు మట్టిగాజులే. బంగారు గాజులేవంటే "బోసుబాబుకిచ్చేశా" అనేది. బడిలో సుభాష్ చంద్రబోస్ పాఠం చెప్పిన రోజున ఆవిడ మాట నమ్మాను.

బోసుకీ మన బందరుకీ ఒక చుట్టరికం ఉందిలెండి. 1939లో త్రిపురి కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఆయనతో పోటీపడింది మన పట్టాభి సీతారామయ్యగారే. 1580 ఓట్లు బోసుకి, 1377 పట్టాభిగారికి. ఆంధ్రా బ్యాంకు పెట్టిన మనిషి. ఆజాద్ హింద్ బ్యాంకు 1944లో రంగూన్‌లో తెరిచింది బోసు. విరాళాలుగా వచ్చిన నగలూ నగదూ అందులో చేరాయి.

జపాన్ ఓడిపోయాక, కొంత బంగారం పెట్టెల్లో వేసుకుని బోసు బయలుదేరారు. 1945 ఆగస్టు 18న తైహోకులో విమానం కూలి ఆయన పోయారని షానవాజ్ కమిటీ, ఖోస్లా కమిషన్ తేల్చాయి. ముఖర్జీ కమిషన్ కాదంది. ఆ తగవు నేను తీర్చలేను. నా గొడవ బంగారం గురించి. కాలిపోయిన నగలు ఏరి టోక్యోకి పంపారు. అక్కడి భారతీయుల చేతుల్లో కొన్నేళ్లున్నాయి. కాజేశారని టోక్యోలోని మన దౌత్య కార్యాలయమే 1951లో ఢిల్లీకి రాసింది. 1952లో ఢిల్లీ చేరింది సుమారు 11 కిలోలు. నేషనల్ మ్యూజియంలో పెట్టారు.

ఇంజనీరుగా నాకొక్కటే తోస్తుంది. బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ముద్దవుతుంది. నిప్పు దాని రూపం మారుస్తుంది గానీ బరువు తగ్గించదు. రన్‌వే మీద కొంత చెదిరిపోయి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. కానీ మిగతా తరుగు మనుషుల చేతుల్లో వచ్చేదే. మా పనిలో కంకర లారీ చేతులు మారినా ఎం.బుక్‌లో రాసి సంతకం పెడతాం. పెట్టెలు రంగూన్ నుంచి బ్యాంకాక్, సైగాన్, తైహోకు, టోక్యో దాటాయి. బయలుదేరేటప్పుడు ఎంత తూగాయో అందరూ ఒప్పుకునే అంకె లేదు. అది లేకపోతే ఎంత పోయిందో ఏ కమిషనూ తేల్చలేదు. 2016లో ఫైళ్లు బయటపెట్టారు, ఆసక్తిగా చదివాను. అనుమానాలు బోలెడు, తూకం చీటీ మాత్రం కనబడలేదు.

మామ్మకి మాత్రం లెక్క తెలుసు. రెండు గాజులు, నాలుగు తులాలు. కంసాలి దగ్గర తన కళ్లముందే తూయించిందట.