ఈ మోత ఎవరిది?

(వాడ పఠనాలయంలో రాత్రి కూటంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రాత్రి మేం మాట్లాడబోయేది రాక్ పాట గురించి. ఆ మాట అనగానే వెనక కూర్చున్న తమ్ముళ్ళు నవ్వుతున్నారు. నవ్వండి. నలభై దాటి, తల నెరిసిన పంతుళ్ళకు గిటారు మోతతో పనేమిటని మీ నవ్వు. మేం పనిచేసే చోట ఒక పెద్దమనిషి కూడా ఇదే అడిగాడు. అడిగి ఊరుకోలేదు. "మీకు చిన్నప్పట్నించీ డప్పుమోత అలవాటేగా, ఇదీ బాగానే ఎక్కుద్ది" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆ పూట మేం జవాబు చెప్పలేకపోయాం. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాం.

1990లలో మేం హాస్టల్లో ఉండగా ఒక సీనియర్ అన్న పట్నం నుంచి కేసెట్టు తెచ్చాడు. ఒక కేసెట్టు నుంచి ఇంకో కేసెట్టుకు ఎక్కించిన పాటలు. అట్ట మీద పాడినవాళ్ళ పేర్లు లేవు, రాసినవాళ్ళ పేర్లు లేవు. 'ఇంగ్లీషు పాటలు' అని పెన్నుతో రాసి ఉంది, అంతే. మాట ఒక్కటి అర్థమైతే ఒట్టు. అయినా ఆ డ్రమ్ము దెబ్బకు, ఆ గిటారు గర్జనకు ఒళ్ళు పులకరించేది. టేపు చిక్కుబడితే పెన్సిలు పెట్టి తిప్పి, మళ్ళీ విన్నాం. తర్వాత ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు, అప్పులు, పిల్లల ఫీజులు. పాట వెనకబడింది. ఫోన్లు వచ్చాక గానీ ఆ పేరులేని పాటల్ని ఒక్కొక్కటే వెతికి పట్టుకోలేదు.

వెతికేటప్పుడు రెండు ప్రశ్నలు పెట్టుకున్నాం. ఈ పాట మొదట ఎవరిది? పాడినవాళ్ళు నలభై దాటాక ఏం చేశారు? రాక్ అంటే కుర్రకారు సరుకని కంపెనీలు అమ్మాయి. కారు, మందు, ఆడపిల్ల - హార్డ్ రాక్‌లో సగం ఇదే చెత్త. దాన్ని మేం వెనకేసుకు రావటం లేదు. కానీ ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని వెళితే చెత్త దానంతటదే జారిపోతుంది. పెద్దవాళ్ళు వినదగ్గది మిగులుతుంది.

ఆ కేసెట్టులో మొదటి పాట ఇంగ్లండు బృందం లెడ్ జెప్పెలిన్ 1969లో చేసిన 'హోల్ లాటా లవ్'. లోకమంతా తిరిగిన పాట. దాని మీద మొదట బృందం వాళ్ళ పేర్లే వేసుకున్నారు. అయితే 1962లోనే చికాగోలో మడ్డీ వాటర్స్ అనే నల్లజాతి గాయకుడు 'యు నీడ్ లవ్' అనే పాట పాడి ఉన్నాడు. అది రాసింది విల్లీ డిక్సన్. 1915లో మిసిసిపీ రాష్ట్రంలో పుట్టిన నల్లవాడు. తన మాటలు ఇంకొకరి పేరున చలామణి అవుతున్నాయని ఆయన 1985లో కోర్టుకెక్కాడు. అప్పటికి ఆయనకు డెబ్భై ఏళ్ళు. 1987లో కోర్టు బయట రాజీ అయింది. తర్వాత వచ్చిన ముద్రణల్లో ఆ పాట కింద డిక్సన్ పేరు చేరింది. ఆయన ఇంటికెళ్ళి ఊరుకోలేదు. తనలాంటి బ్లూస్ కళాకారులకు రావాల్సిన హక్కులు ఇప్పించటానికి ఒక సంస్థే పెట్టాడు. 1992లో కన్నుమూశాడు.

డెబ్భై ఏళ్ళ మనిషి తన పేరు కోసం కోర్టుకెక్కాడంటే అది డబ్బు తగాదా ఒక్కటే అనుకుంటారా? మన తాతలు కట్టిన పాటలు ఎవరెవరి పుస్తకాల్లో 'జానపదం' అనే ఒక్క మాట కింద అచ్చయ్యాయో మనకు తెలీదా?

అట్లాగని తెల్లవాళ్ళంతా దొంగలని చెప్పటానికి రాలేదు మేం. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే ఫ్యాక్టరీల ఊరుంది. అక్కడి ఆస్టన్ అనే కూలీల పేట నుంచి నలుగురు కుర్రాళ్ళు బ్లాక్ సాబత్ అనే బృందం కట్టారు. అందులో పాడేవాడు ఓజీ ఆస్బర్న్. ఒకప్పుడు కబేళాలో పనిచేసిన మనిషి. గిటారు వాయించే టోనీ అయోమీది రేకుల ఫ్యాక్టరీ పని. 1965లో, పదిహేడేళ్ళ వయసులో, ఆ పని మానేసే చివరి రోజు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి ఇక వెళ్ళనన్నాడు. పని సగంలో వదలొద్దని తల్లి మళ్ళీ పంపింది. ఆ పూటే యంత్రం కుడిచేతి నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు కత్తిరించేసింది. అతనిది ఎడమచేతి వాటం. అంటే తీగెలు నొక్కే చెయ్యే పోయింది.

ఇక గిటారు లేదనుకున్నాడు. అప్పుడు ఫ్యాక్టరీలో పైవాడొకడు ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ అనే గిటారు వాద్యకారుడిది. 1928లో మంటల్లో చెయ్యి కాలి, రెండు వేళ్ళు పనిచేయకుండా పోయినా వాయించి లోకాన్ని మెప్పించిన మనిషి. అది విని అయోమీ లేచాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. జారకుండా వాటికి తోలు అంటించుకున్నాడు. గట్టి తీగెలు నొక్కలేక సన్నవి వేసుకున్నాడు. తర్వాత్తర్వాత తీగెల బిగువు సడలించి, శ్రుతి దించి వాయించాడు. శ్రుతి దిగేసరికి ఆ గిటారు ఇంకా బరువుగా, భూమిలోంచి వచ్చినట్టు మోగింది. ఇవాళ లోకమంతా 'హెవీ' అని పిలుచుకునే ధ్వనికి ఇదొక పెద్ద వేరు.

మోత అని వెక్కిరించిన పెద్దమనిషికి మా జవాబు ఇదే: అయ్యా, ఆ మోత వెనక తెగిన వేళ్ళున్నాయి. డప్పు వెనకా చేతులున్నాయి. మోత మీ చెవికి వినపడింది, చేతులు మీ కంటికి కనపడలేదు.

వీళ్ళు 1970లో చేసిన 'వార్ పిగ్స్' వినండి. యుద్ధాలు పెట్టించి తాము దూరంగా కూర్చునే పెద్దల మీద పాట. మళ్ళీ 2013లో '13' అనే ఆల్బం చేశారు. దాని పని నడుస్తుండగానే, 2012లో, అయోమీకి కేన్సరని తేలింది. ఒకపక్క వైద్యం, ఒకపక్క పాట. ఆ ఆల్బం బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్ళింది. 2025 జూలై 5న సొంత పేట ఆస్టన్‌లోనే చివరి కచేరీ చేశారు. పార్కిన్సన్స్ జబ్బుతో నిలబడలేక ఓజీ కుర్చీలో కూర్చునే పాడాడు. అదే నెల 22న 76 ఏళ్ళకు పోయాడు. తాగుడు, మత్తుమందులు అతని జీవితాన్ని చాలా తినేశాయి. అందులో అతన్ని ఆదర్శం చేసుకోవద్దు తమ్ముళ్ళూ.

ఇక అక్కల కోసం టీనా టర్నర్. 1939లో టెనెసీలో నట్‌బుష్ అనే పల్లెలో పుట్టి, చిన్నతనంలో పత్తి ఏరిన నల్లజాతి బిడ్డ. పాడించిన భర్తే కొట్టేవాడు. 'టీనా' అన్న పేరు కూడా అతను పెట్టిందే, ఆ పేరు మీద హక్కూ అతనే రాయించుకున్నాడు. 1976లో ఆమె తెగించి బయటికొచ్చింది. 1978లో విడాకులు అయ్యేనాటికి ఆ పేరు కోసం పట్టుబట్టి నిలబెట్టుకుంది. ఇక ఈమె పని అయిపోయిందన్నారు. 1984లో, నలభై నాలుగేళ్ళ వయసులో, 'ప్రైవేట్ డాన్సర్' ఆల్బంతో తిరిగొచ్చింది. అందులో 'బెటర్ బి గుడ్ టు మి' వినండి. బతిమాలే గొంతు కాదది, లెక్క అడిగే గొంతు. ఇరవై ఏళ్ళప్పుడు ఆ గొంతు రాదు.

కార్యకర్తలు తప్పక వినాల్సింది లివింగ్ కలర్. రాక్ నల్లవాళ్ళ గడపలో పుట్టినా, నల్లవాళ్ళు రాక్ వాయిస్తే అమ్మలేమన్న కంపెనీలకు ఎదురు నిలిచినవాళ్ళు. దాని గిటారిస్టు వెర్నన్ రీడ్ 1985లో న్యూయార్క్‌లో మరికొందరితో కలిసి బ్లాక్ రాక్ కోయలిషన్ అనే సంఘం పెట్టాడు. వాళ్ళ 1988 నాటి 'కల్ట్ ఆఫ్ పర్సనాలిటీ' మాల్కం ఎక్స్ గొంతుతో మొదలవుతుంది. వ్యక్తిపూజ మీద పాట. గాంధీ, స్టాలిన్ పేర్లు ఒక్కచోటే వస్తాయి. నాయకుల ఫ్లెక్సీలు కట్టే మన సంఘాలకు అది కొంచెం గుచ్చుకుంటుంది. గుచ్చుకోనివ్వండి.

ఎట్లా వినాలంటారా? ముందు మాటల జోలికి పోవద్దు. డ్రమ్ము ఒక్కటే పట్టుకోండి, అది మీ చెవికి పరాయిది కాదు. రెండోసారి గిటారు. మూడోసారి చదువుకునే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మాటలు చదివించండి. వాళ్ళకు ఇంగ్లీషు వస్తుంది, మీకు పాట వస్తుంది. నచ్చిన పాట కింద రాసినవాళ్ళ పేరు చూసి, నోటు పుస్తకంలో రాసుకోండి. మేం రాసుకున్న పుస్తకం ఇదిగో, బల్ల మీద ఉంది. ఆ కేసెట్టులో ఇంకా రెండు పాటలు ఎవరివో దొరకలేదు. ఖాళీ గీతలు వదిలాం. వింటే ఎవరైనా గుర్తుపడతారేమోనని ఆ కేసెట్టు కూడా తెచ్చాం.

మాటలు చాలు. ముందు మడ్డీ వాటర్స్ 1962 పాట పెడతాం, దాని వెంటనే 1969ది. రెండూ పక్కపక్కన విని మీరే చెప్పండి. చివరి వరస ఇళ్ళల్లో పసిపిల్లలు పడుకున్నారంటున్నారు, స్పీకరు ఇటు తిప్పండి తమ్ముడూ.