కమోడోర్ 64కు స్టాటిక్ దెబ్బ

1982లో అమెరికాలో విడుదలైన కమోడోర్ 64 హోమ్ కంప్యూటర్‌కు ఒక బలహీనత ఉంది. జాయ్‌స్టిక్ పోర్టు పిన్నులు నేరుగా 6526 అనే చిప్‌కు కలుస్తాయి. పొడి వాతావరణంలో తివాచీ మీద నడిచొచ్చి వాటిని తాకితే, ఒంట్లో చేరిన స్థిర విద్యుత్తు చిప్‌ను దెబ్బతీయొచ్చు. కీబోర్డునూ చూసుకునేది ఆ చిప్పే. అందుకే అది పాడైతే కొన్ని అక్షరాలు పడవు, లేదా జాయ్‌స్టిక్ ఒకవైపు కదలదు.

ముందు కీబోర్డు కనెక్టరు శుభ్రం చేసి చూడండి. ఫలితం లేకపోతే, బోర్డు మీదున్న రెండు 6526 చిప్‌లనూ ఒకదాని స్థానంలో మరొకటి పెట్టండి. కీబోర్డు బాగుపడితే లోపం చిప్‌లోదే. సాకెట్లు లేకుంటే 40 కాళ్ల టంకమూ ఓపిగ్గా తీసి, సాకెట్ వేసి, మంచి చిప్ అమర్చాలి. పని మొదలుపెట్టే ముందు పవర్ ప్లగ్ తీసేయండి, మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ కట్టుకోండి.